అర్జున్ నిమ్మల పిక్ వృథా అయిందా? డ్రాఫ్ట్ రాత్రి అభిమానుల మాటలు ఎంతవరకు నమ్మాలి?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెప్తాను. మీరు మిస్సిసాగాకు కొత్తగా వచ్చారు. 2025 వరల్డ్ సిరీస్‌తో (మేజర్ లీగ్ బేస్‌బాల్ ఫైనల్) టొరంటో జట్టు బ్లూ జేస్‌కు అభిమాని అయ్యారు. క్లబ్‌లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళను ఎంచుకోవడమే డ్రాఫ్ట్, ఒక్కో ఎంపికను పిక్ అంటారు. 2023 డ్రాఫ్ట్‌లో బ్లూ జేస్ 20వ స్థానంలో అర్జున్ నిమ్మల అనే షార్ట్‌స్టాప్‌ను (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) తీసుకుంది. అతను ఇంకా మేజర్ లీగ్ గడప తొక్కలేదు. 2024లో సరిగ్గా అదే 20వ స్థానంలో తీసుకున్న ట్రే యెసావేజ్ మాత్రం ఏడాది తిరిగేసరికి వరల్డ్ సిరీస్‌లో బంతి వేశాడు. దాంతో మీ ఆఫీసులో వాళ్ళు "నిమ్మల వేస్ట్ పిక్" అంటున్నారు. పాత పోస్టులు తిరగేస్తే డ్రాఫ్ట్ రాత్రే కొందరు తిట్టారు, కొందరు ఆకాశానికెత్తారు. ఎవరి మాట నమ్మాలి అన్నది మొదటి ప్రశ్న. 2025లో మళ్ళీ ఇంకో షార్ట్‌స్టాప్‌నే ఎందుకు తీసుకున్నారు అన్నది రెండోది.

నేరుగా చెప్తున్నాను: అర్జున్ పిక్ వృథా కాలేదు, ఇంకా తేలలేదు. పదిహేడేళ్ళ కుర్రాడిని తీసుకున్నప్పుడు అయిదారేళ్ళు గడిస్తే గానీ లెక్క తేలదు. డ్రాఫ్ట్ రాత్రి ఒక ఆటగాడి భవిష్యత్తు గురించి అభిమానులు అనే మాటకు విలువ చాలా తక్కువ. క్లబ్ పద్ధతి గురించి, డబ్బు ఖర్చు పెట్టే తీరు గురించి వాళ్ళు అనే మాటకు మాత్రం విలువ ఉంటుంది. ఈ రెండూ కలిసిపోయి వినిపిస్తాయి కాబట్టి కొత్తవాళ్ళకు అయోమయంగా ఉంటుంది.

నేను వాంకూవర్ పక్కన ఉంటాను. మేజర్ లీగ్‌కు కింద కుర్రాళ్ళు ఎదిగే మైనర్ లీగ్ మెట్లలో హై-ఎ ఒకటి. బ్లూ జేస్‌కు ఆ స్థాయిలో ఉన్న జట్టు వాంకూవర్ కెనేడియన్స్. వాళ్ళు ఆడే నాట్ బెయిలీ స్టేడియానికి ఏళ్ళ తరబడి వెళ్తున్నాను. వేసవిలో పిల్లలకు బేస్‌బాల్ కోచింగ్ ఇస్తాను. దానికి తోడు ఒక అలవాటు ఉంది. ప్రతి జూలైలో డ్రాఫ్ట్ రాత్రి అభిమానులు ఏమన్నారో దాచుకుని, కొన్నేళ్ళ తర్వాత తీసి చదువుతాను. ఈ జవాబంతా ఆ అలవాటులోంచి వచ్చిందే.

మనవాళ్ళు డ్రాఫ్ట్ అనగానే ఐపీఎల్ వేలంలాంటిదే అనుకుంటారు. అక్కడే తేడా కొడుతుంది. ఐపీఎల్ వేలంలో పేరు వినగానే వాడి బ్యాటింగ్ మన కళ్ళ ముందు కదులుతుంది, మార్చి వచ్చేసరికి గ్రౌండ్‌లో ఉంటాడు. బేస్‌బాల్ డ్రాఫ్ట్‌లో పిలిచే పేర్లు ఎక్కువగా హైస్కూల్ పిల్లలవి, కాలేజీ కుర్రాళ్ళవి. తిట్టేవాళ్ళలోనూ పొగిడేవాళ్ళలోనూ నూటికి తొంభై మంది ఆ పిల్లవాడు ఆడగా ఒక్కసారి కూడా చూసి ఉండరు. ఏదో ఒక వెబ్‌సైట్ ర్యాంకింగ్ చూసి, అందులో 12వ వాడు ఉండగా 25వ వాడిని తీసుకున్నారేంటని కోపం తెచ్చుకుంటారు. ఆ కోపం ర్యాంకింగ్ మీద పెట్టుకున్న నమ్మకంలోంచి వస్తుంది, ఆట చూసి వచ్చింది కాదు. ఇలా అని నేను వాళ్ళను తీసిపారేయడం లేదు. ఇరవై రౌండ్లు కూర్చుని తన జట్టు పేర్లన్నీ రాసుకునేవాడికి ఆ జట్టంటే ప్రాణం. ఆ ప్రాణం పెట్టేవాళ్ళ వల్లే ఈ ఆట బతుకుతోంది.

ఇప్పుడు వయసు సంగతికి వద్దాం. మీ ప్రశ్నకు అసలు జవాబు అందులోనే ఉంది.

అర్జున్ 2005 అక్టోబరులో పుట్టాడు. ఫ్లోరిడాలోని స్ట్రాబెరీ క్రెస్ట్ హైస్కూల్ నుంచి నేరుగా వచ్చాడు. పేరు పిలిచిన రోజుకు అతనికి ఇంకా 18 నిండలేదు. యెసావేజ్ 2003 జూలైలో పుట్టి, ఈస్ట్ కరోలినా యూనివర్సిటీలో మూడేళ్ళు ఆడి వచ్చాడు. డ్రాఫ్ట్ నాటికి అతనికి 21 నిండడానికి రెండు వారాలే తక్కువ. హైస్కూల్ అయిపోగానే డ్రాఫ్ట్‌కు రావచ్చు. నాలుగేళ్ళ కాలేజీలో చేరితే మాత్రం మూడో ఏడు పూర్తవ్వాలి, లేదా 21 ఏళ్ళు రావాలి. కాబట్టి యెసావేజ్ ఎదగడానికి పట్టిన ఆ మూడేళ్ళను కాలేజీ భరించింది. అర్జున్ విషయంలో అదే మూడేళ్ళను బ్లూ జేస్ భరిస్తోంది, మన కళ్ళ ముందు. అందుకే మనకు ఆలస్యంగా కనిపిస్తోంది.

వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి. యెసావేజ్ వరల్డ్ సిరీస్‌లో డాడ్జర్స్ జట్టు మీద 12 మందిని స్ట్రైక్ అవుట్ చేసిన (మూడు స్ట్రైక్‌లతో ఔట్ చేసిన) అయిదో గేమ్ నాటికి అతని వయసు 22 ఏళ్ళ 3 నెలలు. అర్జున్ ఆ వయసుకు చేరేది 2028 జనవరిలో. అంటే ఇద్దరినీ ఒకే గీత మీద నిలబెట్టి చూడాలంటే అప్పటిదాకా ఆగాలి.

పైగా ఒకడు పిచర్ (బంతి వేసేవాడు), ఇంకొకడు బ్యాటర్. పిచర్‌కు ఎవరూ కొట్టలేని బంతి ఒకటి ఉంటే మెట్లు గబగబా ఎక్కేస్తాడు. యెసావేజ్ వేసే స్ప్లిటర్ అనే బంతి అలాంటిది. చెయ్యి చాలా ఎత్తు నుంచి వస్తుంది, బంతి బ్యాటర్ దగ్గరికి వచ్చాక ఒక్కసారిగా కిందికి పడిపోతుంది. 2025లో అతను లో-ఎలో మొదలుపెట్టి హై-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ అన్నీ దాటి సెప్టెంబరుకల్లా టొరంటో చేరాడు. దారిలో వాంకూవర్‌లో ఆగింది కొద్ది రోజులే. ఇక్కడి బ్యాటర్లకు అతని బంతి అందనే లేదు. ఇలాంటి పరుగు ఏ క్లబ్‌లోనైనా చాలా అరుదు. దాన్ని కొలబద్దగా పెట్టుకుంటే పక్కనున్నవాళ్ళంతా పొట్టిగానే కనిపిస్తారు.

బ్యాటర్ దారి వేరు. వేల బంతులు చూడాలి, తప్పు బంతికి బ్యాట్ ఊపి నవ్వులపాలవ్వాలి, ఏది వదిలేయాలో కంటికి అలవాటు కావాలి. అర్జున్ 2024లో బ్లూ జేస్ లో-ఎ జట్టున్న డునీడిన్‌లో మొదట తడబడ్డాడు. అతన్ని కొన్నాళ్ళు కింది స్థాయి కాంప్లెక్స్ లీగ్‌కు పంపారు. తిరిగొచ్చాక 18 ఏళ్ళకే హోమ్ రన్లు బాదాడు. 2025లో వాంకూవర్‌కు వచ్చాడు. సీజన్ మొదట్లో బాగా కొట్టాడు, తర్వాత సగటు జారింది. ఇది నేను దగ్గర నుంచి చూశాను. బయటికి వంగే బంతుల వెంట పోతున్నాడని ఎదుటి పిచర్లు పసిగట్టారు, అవే వేశారు. కానీ అతను ఆ సీజనంతా 19 ఏళ్ళవాడు. ఎదురుగా బంతి వేసేవాళ్ళలో ఎక్కువమంది కాలేజీ ముగించి వచ్చిన 22, 23 ఏళ్ళ కుర్రాళ్ళు. అంకె చూసేటప్పుడు పక్కనే వయసు కూడా చూడాలి. షార్ట్‌స్టాప్‌లో అతని చేతులు, విసిరే బలం ఎప్పుడూ నన్ను నిరాశపరచలేదు.

రెండోది డబ్బు. డ్రాఫ్ట్ రాత్రి ఎవరిని తీసుకున్నారో తెలుస్తుంది, ఎందుకు తీసుకున్నారో సంతకాలు అయ్యేదాకా తెలియదు. నేను కొత్తవాళ్ళకు మొట్టమొదట చెప్పే మాట ఇదే.

2012 నుంచి మొదటి పది రౌండ్లలో ప్రతి పిక్‌కూ, సంతకానికి ఇచ్చే బోనస్ లెక్కలో, లీగ్ ఒక విలువ కడుతోంది. దాన్ని స్లాట్ అంటారు. ఒక క్లబ్ స్లాట్లన్నీ కలిపితే వచ్చేది దాని బోనస్ పూల్. పూల్ దాటి అయిదు శాతం దాకా వెళ్తే, దాటిన సొమ్ము మీద 75 శాతం పన్ను కట్టాలి. అంతకు మించితే రాబోయే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ పిక్ పోతుంది కాబట్టి ఆ గీత జోలికి పోరు. ఈ పూల్ లోపల ఎవరికెంత ఇవ్వాలన్నది క్లబ్ ఇష్టం. ఒకడితో స్లాట్‌కన్నా తక్కువకు ఒప్పందం కుదిరితే, మిగిలిన సొమ్ముతో కింది రౌండ్లలో ఒక ఖరీదైన హైస్కూల్ కుర్రాడిని కాలేజీకి పోకుండా ఆపవచ్చు.

2023లో బ్లూ జేస్‌కు రెండో రౌండ్ పిక్ లేదు. ఒప్పందం ముగిసి ఏ జట్టుకైనా వెళ్ళగలిగే ఫ్రీ ఏజెంట్ క్రిస్ బాసిట్‌ను తీసుకున్నందుకు అది పోయింది. 20వ పిక్ స్లాట్ దాదాపు 37.5 లక్షల డాలర్లు. అర్జున్ 30 లక్షలకు సంతకం చేశాడు. నాలుగో రౌండ్‌లో లాండెన్ మరూడిస్ అనే హైస్కూల్ పిచర్‌కు స్లాట్‌ను బాగా మించి 15 లక్షలు ఇచ్చారు. కాబట్టి "20వ పిక్‌తో ఒక కుర్రాడిని కొన్నారు" అనడం సగం నిజమే. ఒకే పూల్ సొమ్ముతో ఇద్దరు కుర్రాళ్ళ మీద పందెం కాశారు. తర్వాత మరూడిస్ మోచేతికి ఆపరేషన్ అయింది. హైస్కూల్ పిచర్లతో ఉన్న భయమే అది. డబ్బు లెక్క బాగున్నంత మాత్రాన ఫలితం బాగుంటుందని చెప్పలేం.

ఈ ఎత్తు బాగా పండిన సందర్భం 2012లో హ్యూస్టన్ జట్టుది. మొదటి పిక్‌గా మార్క్ అపెల్‌ను గానీ బైరన్ బక్స్‌టన్‌ను గానీ తీసుకుంటారని అందరూ ఎదురుచూస్తే, ప్యూర్టోరికోకు చెందిన 17 ఏళ్ళ కార్లోస్ కొరేయా పేరు పిలిచారు. చాలామంది నివ్వెరపోయారు. స్లాట్ 72 లక్షలుంటే కొరేయా 48 లక్షలకు ఒప్పుకున్నాడు. ఆ మిగులుతో 41వ పిక్‌గా లాన్స్ మకల్లర్స్ జూనియర్ అనే పిచర్‌ను 25 లక్షలిచ్చి పట్టుకున్నారు. అయిదేళ్ళకు ఇద్దరూ వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టులో ఉన్నారు. ఆ రాత్రి "డబ్బు మిగుల్చుకోవడానికి మొదటి పిక్ పాడుచేశారు" అన్నవాళ్ళకు ఆ డబ్బు ఎటు పోతుందో తెలిసే అవకాశం అప్పటికి లేదు.

కుమార్ రాకర్ కథ మీరు వినే ఉంటారు, అతని తల్లి భారతీయ మూలాలున్న ఆవిడ కాబట్టి. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో 2019లో డ్యూక్ యూనివర్సిటీ మీద 19 స్ట్రైక్ అవుట్లతో నో-హిటర్ (ఎదుటి జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట) వేసిన పిచర్. 2021లో 10వ స్థానం దాకా జారి న్యూయార్క్ మెట్స్‌కు దొరికాడు. ఆ రాత్రి మెట్స్ అభిమానుల సంబరం అంతా ఇంతా కాదు, అదృష్టం తలుపు తట్టిందన్నారు. మెడికల్ రిపోర్టులు చూశాక క్లబ్ సంతకం చేయలేదు. ఆగస్టు 1 గడువు దాటగానే సంబరం చేసుకున్నవాళ్ళే తిట్లకు దిగారు. మరుసటి ఏడు టెక్సస్ రేంజర్స్ అతన్ని ఏకంగా 3వ స్థానంలో తీసుకుంటే, ఈసారి టెక్సస్ అభిమానులు తల పట్టుకున్నారు. దాదాపు 76 లక్షల స్లాట్‌లో రాకర్ 52 లక్షలకు వచ్చాడు. రేంజర్స్‌కు ఆ ఏడు రెండు, మూడు రౌండ్ల పిక్‌లు లేవు. మిగిలిన సొమ్ముతో నాలుగో రౌండ్‌లో బ్రాక్ పోర్టర్ అనే పిచర్‌కు 37 లక్షలు ఇచ్చారు. తర్వాత రాకర్ మోచేతికి ఆపరేషన్ జరిగింది. 2024 సెప్టెంబరులో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి మెప్పించాడు, 2025లో తడబడ్డాడు. పోర్టర్ బంతిని అనుకున్న చోట వేసే కంట్రోల్ కోసం ఇంకా కష్టపడుతున్నాడు. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు? ఇప్పటికీ ఒక్క ముక్కలో చెప్పలేం. కానీ ఆ రెండు రాత్రుల్లో ఎవరిని అడిగినా ఒక్క ముక్కలో చెప్పేశారు.

ఇక అభిమానుల కోపం న్యాయమైనది ఎప్పుడు? నా దృష్టిలో అందరికీ తెలియాల్సిన సందర్భం పిట్స్‌బర్గ్, 2007. అప్పటికే పైరేట్స్ జట్టు 1993 నుంచి ఒక్క సీజన్‌లో కూడా ఓటములకన్నా ఎక్కువ గెలుపులు చూడలేదు. నాలుగో పిక్ వచ్చింది. మ్యాట్ వీటర్స్ అనే క్యాచర్ ఇంకా ఉన్నాడు. ఎక్కువ బోనస్ అడుగుతాడని అందరికీ తెలుసు. క్లబ్ డేనియల్ మాస్కోస్ అనే పిచర్‌ను తీసుకుని సుమారు 25 లక్షలతో సరిపెట్టింది. వెంటనే అయిదో పిక్‌గా బాల్టిమోర్ వీటర్స్‌ను తీసుకుని 60 లక్షలు ఇచ్చింది. పిట్స్‌బర్గ్ అభిమానులు మండిపడ్డారు. ఆ నెలాఖరులో ఆట మధ్యలో వందల మంది సీట్లు వదిలి లేచి వెళ్ళి నిరసన తెలిపారు. వాళ్ళ బాధ మాస్కోస్ ఒక్కడి గురించి కాదు. టికెట్ డబ్బు మేం పెడుతుంటే మీరు ఆటగాళ్ళ మీద ఎందుకు పెట్టరు అన్నది వాళ్ళ ప్రశ్న. వీటర్స్ తర్వాత నాలుగుసార్లు ఆల్-స్టార్ అయ్యాడు. మాస్కోస్ మేజర్ లీగ్‌లో ఆడింది 2011 సీజన్ ఒక్కటే. ఆ కుర్రాడి తప్పు ఇందులో ఏమీ లేదు, తనను ఎవరు ఎన్నో పిక్‌గా పిలవాలన్నది తన చేతిలో లేదు కదా.

ఆ తేడా పట్టుకోండి. మిగులుతున్న సొమ్ము ఇంకో కుర్రాడి దగ్గరికి వెళ్తుంటే అది వ్యూహం. యజమాని జేబులోకి వెళ్తుంటే అభిమానులు అరవాల్సిందే. ఒక్క పిక్ చూసి తిట్టకండి, వరసగా నాలుగైదేళ్ళు ఒకే తప్పు జరుగుతుంటే తిట్టండి.

ర్యాంకింగుల గురించి ఒక్క మాట. తర్వాత దిగ్గజమైన మైక్ ట్రౌట్ 2009లో 25వ స్థానం దాకా ఆగాడు. ఏంజెల్స్ జట్టుకు 24, 25 పిక్‌లు రెండూ ఉంటే 24లో ర్యాండల్ గ్రిచుక్ పేరు పిలిచి, ఆ తర్వాతే ట్రౌట్‌ను పిలిచారు. ఇంకో దిగ్గజం ఆల్బర్ట్ పుహోల్స్ 1999లో 13వ రౌండ్‌లో, 402వ వాడు. కొత్త ఆటగాళ్ళను వెతకడమే జీవితమంతా పనిగా ఉన్న స్కౌట్లకే ఇలా జరిగితే, డ్రాఫ్ట్ మర్నాడు వెబ్‌సైట్లు ఇచ్చే ఎ, బి, సి గ్రేడ్లకు ఎంత బరువు ఇవ్వాలో మీరే ఆలోచించండి. నేను వాటిని చదువుతాను, ఆటగాళ్ళ పరిచయం కోసం. గ్రేడ్ మాత్రం చూడను.

చాలామంది మరచిపోయే ఇంకో సంగతి ఉంది. పిక్ విలువ మన జట్టు యూనిఫామ్‌లోనే కనిపించాలని లేదు. అర్జున్‌తో పాటే 2023లో మూడో రౌండ్‌లో వచ్చిన జువారన్ వాట్స్-బ్రౌన్ టొరంటో తరఫున ఒక్క బంతి కూడా వేయలేదు. కానీ 2025 జూలైలో అతన్ని బాల్టిమోర్‌కు ఇచ్చి సెరాంథొని డొమింగెజ్‌ను తెచ్చుకున్నారు. మీరు చూసిన ఆ అక్టోబరు మ్యాచ్‌ల్లో చివరి ఇన్నింగ్స్‌లలో వచ్చిన రిలీవర్ అతనే. ఆ మూడో రౌండ్ పిక్ మనకు ఉపయోగపడిందా లేదా అని అడిగితే నేను నిక్కచ్చిగా అవుననే అంటాను.

మన తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. అర్జున్ పేరు పిలిచిన రాత్రి మన వాట్సాప్ గ్రూపులు పండగ చేసుకున్నాయి. నిమ్మల అన్న ఇంటిపేరు మొదటి రౌండ్‌లో వినపడితే నాకూ ఒళ్ళు పులకరించింది, అందులో దాపరికం లేదు. అవే గ్రూపుల్లో 2025 ఆగస్టుకల్లా "ఇంజనీరింగ్ చదివించి ఉంటే సరిపోయేది" అన్న మాటలు కనిపించాయి. అది నాకు చాలా బాధ కలిగించింది. 19 ఏళ్ళకు మన పిల్లలు సెకండ్ ఇయర్ సబ్జెక్టులు తప్పి సప్లిమెంటరీ రాస్తే సర్దుకుపోతాం. ఈ పిల్లవాడు బస్సుల్లో రాత్రంతా ప్రయాణం చేసి, మర్నాడు వేల మంది ముందు ఆడి, ప్రతి తప్పూ అంకెల్లో ఇంటర్నెట్‌లో కనబడే పనిలో ఉన్నాడు. ఆ మాటలు వాళ్ళింటివాళ్ళు కూడా చదువుతారు. దయచేసి మీ గ్రూపులో ఎవరైనా అలా రాస్తే ఆపండి. క్లబ్‌ను ఎంతైనా విమర్శించండి, అది పెద్దవాళ్ళ వ్యాపారం. కుర్రాడి జోలికి వెళ్ళకండి.

వచ్చే జూలైలో మీరు డ్రాఫ్ట్ చూసేటప్పుడు చేయగలిగింది చెప్తాను. పేరు పిలవగానే వయసు చూడండి, హైస్కూలా కాలేజీయా చూడండి. ఆ పిక్ స్లాట్ ఎంతో రాసి పెట్టుకోండి. తర్వాత సంతకాల గడువు ముగిసేదాకా ఏ అభిప్రాయానికీ రాకండి. అప్పుడు క్లాస్ మొత్తాన్ని (క్లబ్ ఆ ఏడు తీసుకున్న వాళ్ళందరినీ) కలిపి చూడండి, మొదటి పేరును ఒక్కదాన్నే కాదు. "ఈ పిక్‌ను అమ్మేసి ఉండాల్సింది" అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. చిన్న మార్కెట్ జట్లకు అదనంగా ఇచ్చే కొన్ని పిక్‌లు తప్ప మిగతావి ఇచ్చిపుచ్చుకోవడానికి రూల్సే ఒప్పుకోవు.

మీ రెండో ప్రశ్న మిగిలింది. 2025లో 8వ పిక్‌తో మిసిసిపీకి చెందిన హైస్కూల్ షార్ట్‌స్టాప్ జోజో పార్కర్‌ను తీసుకున్నప్పుడు "షార్ట్‌స్టాప్‌లో అర్జున్ ఉన్నాడుగా, మళ్ళీ ఎందుకు" అని చాలామంది అడిగారు. అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్‌లోలాగా జట్టులో ఖాళీ చూసి తీసుకోవడం బేస్‌బాల్ డ్రాఫ్ట్‌లో కుదరదు. ఇవాళ ఉన్న ఖాళీ ఈ పిల్లలు పైకి వచ్చేసరికి ఉండదు. హైస్కూల్‌లో ఏ జట్టయినా తన దగ్గరున్న మంచి అథ్లెట్‌ను షార్ట్‌స్టాప్‌లోనే నిలబెడుతుంది. పెరిగేకొద్దీ వాళ్ళలో ఒకడు థర్డ్ బేస్‌కు, ఒకడు సెకండ్ బేస్‌కు, ఒకడు సెంటర్ ఫీల్డ్‌కు వెళ్తాడు. ఇద్దరూ నిలబడితే ఇద్దరికీ చోటు దొరుకుతుంది, లేకపోతే ఒకరిని ఇచ్చి పిచర్‌ను తెచ్చుకుంటారు. పార్కర్ ఎడమచేతి బ్యాటర్, అర్జున్ కుడిచేతి. పార్కర్ వాంకూవర్‌కు వచ్చినప్పుడు చూసి అతని బ్యాటింగ్ ఎలా ఉందో ఇక్కడే రాస్తాను.